పన్నెండు మైక్రాన్లు

మార్చి 3, సోమవారం

ఈ పుస్తకం మా ల్యాబ్‌ది. సగం వాడి పక్కన పడేసిన శాంపిల్ రిజిస్టరు. ఇంటికి తెచ్చేసుకున్నాను. ఎవరైనా అడిగితే అప్పుడు చెప్తాను సమాధానం. డబ్బా సర్దడం అయింది, బస్సుకి ఇంకా ముప్పావుగంట ఉంది. ఎవరితోనూ చెప్పుకోలేని మాటలున్నప్పుడు కాగితమే గతి.

గురువారం ఎక్కడో కరెంటు ప్యానెల్లో మా జాయింటు విరిగింది. రాగి కడ్డీని, అల్యూమినియం కడ్డీని మొహానికి మొహం పెట్టి గిరగిరా తిప్పి అతికించే జాయింటు. ప్యానెల్ తెరిచి పనిచేస్తున్న ఎలక్ట్రీషియన్ కుడిచెయ్యి కాలిపోయింది. విరిగిన ముక్క శనివారం ప్లాస్టిక్ సంచిలో వచ్చి నా బల్ల మీద కూర్చుంది. ఇంకా దాన్ని సంచిలోంచి ఎవరూ తియ్యనే లేదు, కారణం మాత్రం అప్పుడే తేలిపోయింది! తేల్చింది ప్రొడక్షన్ మేనేజరు. తొందరగారు అంటాం ఆయన్ని, ఎదురుగా తప్ప. "అల్యూమినియం మొహం బ్రష్షుతో రుద్దకుండా మిషనెక్కించారు. మురికి మీద అతుకు పడుతుందా? ఆపరేటర్ తప్పు" అన్నారట.

ఆ ఆపరేటర్ ఎవరయ్యా అంటే మా ఆడపడుచు.

మిషన్ దగ్గరికి రావద్దని కాగితం ఇచ్చారు. ఇరవై నాలుగున విచారణ. తప్పు రుజువైతే ఉద్యోగం ఊడుతుంది. చెల్లెలి సంగతి వినగానే మా ఆయన టీ గ్లాసు కింద పెట్టేశారు. నా మొహం చూశారు. నా మొహంలో ఏముంటుంది?

నాకేం సంబంధం లేదు. ఏడాదిన్నరగా మాకు మాటల్లేవు. ఒకే బస్సెక్కుతాం. ఆవిడగారు ముందు సీటు, నేను వెనక సీటు. నేనన్నది ఒక్క మాట. దానికి పెట్టె సర్దుకుని వీధి చివర గది తీసుకుంది. నేనన్న మాట ఒకటైతే, పట్టిన పంతం వంద.

మార్చి 4, మంగళవారం

తొందరగారు ల్యాబ్‌కి వచ్చి, విరిగిన జాయింటుది లాటు 61 అని ఆ ఫైలు అడిగారు. ప్రతి లాటులో ఒక ముక్క కోసి, పాలిష్ పట్టి, మైక్రోస్కోపు కింద ఫోటో తీసి, సర్టిఫికెట్ మీద సంతకం పెట్టేది నేనే. పందొమ్మిదేళ్ళయింది. 61 ఫోటో తీసిచ్చాను. ఇటు రాగి, అటు అల్యూమినియం, మధ్యలో వెంట్రుకలో నలభయ్యో వంతు కూడా లేని సన్నగీత. రెండు మైక్రాన్లలోపు. ఎంత శుభ్రంగా ఉందో ఆ ఫోటో, గోడకి తగిలించుకోవచ్చు.

"ఇలాంటి చెయ్యి ఇంకొకళ్ళకి లేదమ్మా" అన్నారు తొందరగారు, ఫైలు చంకలో పెట్టుకుంటూ.

ఆయన నన్ను పొగడటం ఇదే మొదటిసారి. పొగిడితే పొగడనీ, నిజమేగా.

మార్చి 5, బుధవారం

పాలిష్‌లో తప్పు లేదు.

మార్చి 7, శుక్రవారం

మా ల్యాబ్ సారు ఎట్టకేలకు విరిగిన ముక్క చూడమన్నారు. ఈయన పేరు చూద్దాంగారు. ఏదడిగినా "చూద్దాం" అంటారు కాబట్టి. ఇంకో ఏడాదిలో రిటైరవుతారు, అప్పటిదాకా దేన్నీ చూడకూడదని ఒట్టు పెట్టుకున్నట్టుంటారు. మనిషి మంచివాడే.

సంచిలోంచి తీశాను. రాగి వైపు మొహం మీద బూడిదరంగు పొర. అల్యూమినియం వైపు మొహం మీదా అదే. ఆ చివర నుంచి ఈ చివర దాకా, ఒక్క చుక్క ఖాళీ లేదు. రెండు వైపులా కోసి కొలిచాను. కలిపితే పన్నెండు మైక్రాన్లు. మళ్ళీ కొలిచాను. పన్నెండే.

ఇంటికొచ్చాక మా ఆయన అడిగారు. అడిగారంటే నోటితో కాదు. గుమ్మంలో నిలబడి, తను నడిపే నీళ్ళ ట్యాంకర్ తాళాలు ఇటు చేతిలోంచి అటు చేతిలోకి మార్చుకుంటూ.

"కూర్చోండి, చెప్తాను" అన్నాను. "రాగీ అల్యూమినియమూ నిజంగా ఒకదాన్నొకటి తాకితే మధ్యలో ఓ పొర పుడుతుంది. రెండూ కలిసి పుట్టించిన మూడోది. తల్లిలా వంగదు, తండ్రిలా సాగదు. పింగాణీలా పెళుసు. సన్నగా ఉన్నన్నాళ్ళూ రెండింటినీ పట్టి ఉంచేది అదే. వేడి తగిలితే లావెక్కుతుంది. లావెక్కిందా, పుటుక్కు."

"మధ్యలో మురికుంటే?"

"మురికున్నచోట తాకవు. తాకనిచోట ఏమీ పుట్టదు. ఇక్కడ మొహమంతా నిండుగా పుట్టింది."

ఆయన కాసేపు లెక్కేసుకున్నారు. "అంటే మా చెల్లి..."

"మీ చెల్లెలు మొహం రుద్దింది, తుడిచింది, టైముకి మిషనెక్కించింది. ఇంతకన్నా శుభ్రంగా ఎవరూ చెయ్యలేరు."

మొహం ఇంత చేసుకున్నారు.

"మీ చెల్లెల్ని నేనేం పొగడలేదు. ముక్క సంగతి చెప్పాను" అని వంటింట్లోకి వచ్చేశాను.

అయితే అదే లాటు నుంచి కోసిన నా ముక్కలో రెండు మైక్రాన్లే ఎందుకున్నాయి? ఏ ముక్క ఖర్మ ఆ ముక్కది. ఒక్కోటి ఒక్కోలా ఉంటుంది.

మార్చి 8, శనివారం

ఉండదు. ఒకే లాటు, ఒకే ఓవెను. ఒక్కోటి ఒక్కోలా ఎందుకుంటుంది.

ఓవెన్ దగ్గరికి వెళ్ళాను. అతికించాక అల్యూమినియం మెత్తబడడానికి అందులో పెడతారు, కేబుల్ చుట్టూ నొక్కడానికి వీలుగా. ఇదివరకు రెండువందల ఇరవై డిగ్రీల్లో ఐదు గంటలు. జనవరి నుంచి మూడువందల డెబ్భై డిగ్రీల్లో గంటన్నర. ఓవెన్ మనిషి రిజిస్టరు తిప్పి చూపించాడు. పక్కన తొందరగారి సంతకం. రోజుకి ఒక లోడు బదులు మూడు లోడ్లు దిగుతున్నాయట. దిగవూ మరి!

నేరుగా తొందరగారి గదికి వెళ్ళాను. చూద్దాంగారు వెనకాలే వచ్చారు, "చూద్దాం, చూద్దాం" అంటూ.

"ఓవెన్ వేడికి మధ్యపొర లావెక్కింది సార్. ఆపరేటర్ తప్పేమీ లేదు" అన్నాను.

తొందరగారికి కోపం రాలేదు. అదే నాకు నచ్చలేదు. సొరుగులోంచి నా ఫోటో తీశారు. "ఇది మీదే కదమ్మా? లాటు 61. ఈ ఓవెన్లోంచే, ఈ వేడిలోంచే వచ్చిన ముక్క. ఎన్ని మైక్రాన్లు?"

"రెండులోపు."

"మరి ఓవెన్ మంచిదే కదా. ఆ విరిగిన ముక్క ప్యానెల్లో ఏ వేడికి గురైందో మనకేం తెలుసు? మురికి అతుకైతే కరెంటుకి వేడెక్కుతుంది, వేడెక్కి లావెక్కుతుంది. మీ ఫోటో తప్పంటారా చెప్పండి, నేను నోరు మూసుకుంటాను."

చూద్దాంగారు చెప్పుల వంక చూస్తున్నారు. నేను కూడా ఆయన చెప్పుల వంకే చూశాను.

నా ఫోటో తప్పని నా నోటితో నేనెలా అంటాను?

మార్చి 10, సోమవారం

పాలిషింగ్ గుడ్డ అరిగిపోయింది. డిసెంబర్లోనే కొత్తవి కావాలని రాసిచ్చాను, ఇప్పటికీ రాలేదు. నీళ్ళ ధార సన్నగా వస్తోంది. డైమండ్ పేస్టు పాతది. జనవరిలో ఒక్కోరోజు నలభై ముక్కలు చేశాను, ఒక్కదాన్నే, రెండో మనిషిని ఇమ్మంటే ఇవ్వలేదు. ఎవరి దగ్గరైనా ఏ తప్పైనా జరిగి ఉంటే అది నాది కాదు.

మార్చి 11, మంగళవారం

ఆడలేక మద్దెల ఓడు.

మార్చి 12, బుధవారం

చూద్దాంగారితో ఎలక్ట్రీషియన్ ఇంటికి వెళ్ళాను. వాంగ్మూలం తీసుకురమ్మన్నారు. రెండో అంతస్తు, మెట్ల మీద ఎవరివో సైకిళ్ళు. కుడిచెయ్యి మోచేతి దాకా కట్టు. వేళ్ళ చివర్లు మాత్రం బయటికి కనిపిస్తున్నాయి, నల్లగా. వాళ్ళావిడ గ్లాసు పట్టుకుని ఆయనకి టీ తాగిస్తోంది. మమ్మల్ని చూసి గ్లాసు తీసేయబోతే ఆయనే "ఉండు, అవ్వనీ" అన్నాడు.

"నేను బోల్టు ఎక్కువ బిగించానంటున్నారు మేడం. అంతేనా?" అన్నాడు నాతో.

ఇతని మీదా వేస్తున్నారన్నమాట. ఒక్క ముక్కకి ఎంతమంది దోషులు!

"కాదు" అన్నాను.

"నేనూ అదే అనుకున్నా. అయినా ముక్క తళతళలాడుతోంది. పైగా నేను సర్టిఫికెట్ చూడకుండా ఏదీ బిగించను మేడం, మా వాళ్ళంతా నవ్వుతారు నన్ను చూసి. పెట్టెలో కాగితం ఉంది, సంతకం ఉంది. మరింకేం చూడాలి?"

ఆవిడ మాకు కూడా టీ ఇచ్చింది. తాగాను. వేడికి నాలుక కాలింది, ఊదుకోవాలని కూడా తోచలేదు.

బస్సులో చూద్దాంగారు "ఏమిటమ్మా, మాట్లాడవు?" అన్నారు. దొంగకి తేలు కుడితే మాట్లాడతాడా సార్, అనలేదు. తలనొప్పి అన్నాను.

మార్చి 14, శుక్రవారం

భోజనాల గంటలో అందరూ క్యాంటీన్‌కి వెళ్ళాక అల్మారా తీశాను. పాస్ చేసిన ప్రతి ముక్కా రెండేళ్ళు దాచాలని రూలు. నంబరు 61 తీశాను. అద్దంలా ఉంది. నా మొహం కనిపించింది అందులో.

ఇక్కడైనా రాయాలి. రాయకపోతే ఈ పుస్తకం దేనికి, పొయ్యిలో పెట్టడానికా?

అల్యూమినియం మెత్తటిది. మధ్యపొర పెళుసు. రుద్దేటప్పుడు పెళుసు పొర పెచ్చులుగా ఊడి గుంట పడుతుంది. ఆ గుంట మీదికి మెత్తటి అల్యూమినియం పూసుకుపోతుంది, గోడ పగులు మీద సున్నం పూసినట్టు. పైకి చూస్తే నున్నగా సన్నగీత. అందుకే పాలిష్ అయ్యాక పల్చటి యాసిడ్ చూపించి ఆ పూత తినేసేలా చెయ్యాలి, మళ్ళీ పాలిష్, మళ్ళీ యాసిడ్. మూడుసార్లు. మొదటి వారంలో నేర్పే పాఠం. కొత్తగా వచ్చిన వాళ్ళందరికీ నేను నేర్పిన పాఠం.

నేను ఒక్కసారే చేస్తున్నాను. ఈ జనవరి నుంచి కాదు. ఎన్నో ఏళ్ళ నుంచి. మధ్యపొర ఎప్పుడూ సన్నగానే ఉండేది కాబట్టి మూడుసార్లు చేసినా అదే గీత, ఒక్కసారి చేసినా అదే గీత. నా చెయ్యి అంత బాగా కుదిరిందనుకున్నాను. ఎంత మెరిస్తే అంత గొప్ప అనుకున్నాను. బాగా పూసుకుపోయిన ముక్కే అన్నిటికంటే ఎక్కువ మెరుస్తుందని తెలిసి కూడా.

యాసిడ్ చూపించాను. కడిగాను. పాలిష్. మళ్ళీ యాసిడ్. మూడోసారి అయ్యాక మైక్రోస్కోపు కింద పెట్టి కళ్ళు మూసుకున్నాను. ఎంత పిరికిదాన్ని!

పన్నెండు. మధ్యలో నిలువునా పగుళ్ళు.

గుడ్డ అరగలేదు. కొత్తగుడ్డతోనే చేశాను ఆ రోజు. డిసెంబర్లో అడిగాను, వారంలోనే వచ్చాయి. పదో తారీకున ఇక్కడ రాసింది అబద్ధం. నా పుస్తకంలో నాకే అబద్ధం చెప్పుకున్నాను. సిగ్గుగా ఉంది, నిజంగా సిగ్గుగా ఉంది.

మార్చి 15, శనివారం

జనవరి నుంచి బయటికెళ్ళినవి ఆరు లాట్లు. ఆరు ముక్కలూ తీశాను. ఆరింటికి ఆరు.

ఒక్కో లాటుకి మూడువందల జాయింట్లు. ఎక్కడెక్కడి ప్యానెళ్ళలోనో. ఒక్కోదానికీ ఒక మనిషి వచ్చి తలుపు తెరుస్తాడు. కాగితం చూస్తాడు. సంతకం ఉందిగా అనుకుంటాడు.

మార్చి 17, సోమవారం

పొద్దున్నే మా ఆయనకి చెప్పాను. ట్యాంకర్‌కి నీళ్ళు పట్టడానికి బయల్దేరుతున్నారు, ఆగిపోయారు. మొత్తం చెప్పాను, ఒక్క ముక్క దాచలేదు. నా ఫోటోనే మీ చెల్లెలి మెడకి ఉరి అని కూడా చెప్పాను.

ఆయన అరవలేదు. అరిచినా బాగుండేది. "ఇన్నాళ్ళూ మీ ఇద్దరి మధ్య అడకత్తెరలో పోకచెక్కలా ఉన్నాను. ఇప్పుడు కూడా నన్నే అడుగుతావా ఏం చెయ్యాలని?" అన్నారు.

"అడగట్లేదు. చెప్తున్నాను."

"చెప్పేది దానికి చెప్పు."

"మాటల్లేవుగా."

"ఎందుకు లేవు?" అన్నారు. ఏడాదిన్నరలో మొదటిసారి అడిగారు. "అది కాపురం వదులుకుని ఒంటి మీద దెబ్బలతో వచ్చింది. నెలకే నువ్వేమన్నావు?"

జవాబూ ఆయనే చెప్పారు, తాళాలు గుప్పిట్లో బిగించి. "ఇదేమైనా సత్రమా అన్నావు. నేను గుమ్మంలోనే ఉన్నాను. నేనూ నోరెత్తలేదు. నాదీ తప్పే."

ఒక్క మాట అని రాశాను కదా మూడో తారీకున. ఆ ఒక్క మాట ఇది.

మార్చి 19, బుధవారం

తొందరగారు టీకి పిలిచారు. ఆయన టీకి పిలిచారంటేనే తెలుసుకోవాలి. చూద్దాంగారి చెవిన వేసిన నా ఆరు ముక్కల సంగతి గోడలు దాటి వెళ్ళినట్టుంది.

"ఓవెన్ వేడి తగ్గించేశానమ్మా, నిన్నటి నుంచి పాత పద్ధతే" అన్నారు. "ఇక ముందు ఏ బాధా లేదు. మీ ఆడపడుచుకి ఒక హెచ్చరిక కాగితంతో సరిపెట్టేస్తాను. ఉద్యోగం ఉంటుంది. మీ పాత ఫోటో ఫైల్లో ఉంటుంది, కొత్త ఫోటోలు మీ దగ్గరే ఉంటాయి. ఎవరికీ ఏమీ కాదు. మనమంతా ఒకింటి వాళ్ళం."

"హెచ్చరిక దేనికి సార్?"

"శుభ్రం చెయ్యనందుకు. మాటవరసకి."

"శుభ్రం చేసింది కదా."

"అబ్బా, మాటవరసకి అంటున్నానుగా."

"బయటికెళ్ళిన ఆరు లాట్లు?"

"ఒక్కటేగా విరిగింది. మిగతావి విరిగినప్పుడు చూద్దాం."

"చూద్దాం అనేది మా సారు మాట కదా, మీకెప్పుడు అంటుకుంది?" అన్నాను. టీ ముట్టుకోకుండా లేచి వచ్చేశాను.

ఇంట్లో చెప్తే మా ఆయన "ఒప్పుకుంటే దాని ఉద్యోగం ఉంటుంది, నీదీ ఉంటుంది" అన్నారు. నేను చూసిన చూపుకి "నువ్వెలాగూ ఒప్పుకోవు. అడగడం నా ధర్మం, అడిగాను" అన్నారు. ఈ మనిషితో ఇరవై రెండేళ్ళ నుంచి ఎందుకున్నానో ఇలాంటప్పుడు తెలుస్తుంది.

మార్చి 20, గురువారం

ఒప్పుకుంటే ఏమవుతుంది అని ఇవాళ మూడుసార్లు అనుకున్నాను. రాసి పెడుతున్నాను, రేపు నేను దేవతనని నాకే అనిపించకుండా.

మార్చి 23, ఆదివారం

రిపోర్టు రాశాను. నాలుగు పేజీలు. చివరి పేజీలో నా తప్పు నా పేరుతో. చూద్దాంగారికి ఇంటికెళ్ళి ఇచ్చాను. చదివి, కళ్ళజోడు తీసి, "చివరి పేజీ అవసరమా అమ్మా?" అన్నారు.

"చివరి పేజీ లేకపోతే మొదటి మూడు పేజీలు ఎవరు నమ్ముతారు సార్? ఆ ఫోటో నిలబడి ఉన్నంతకాలం తొందరగారి మాటే నిలబడుతుంది. నేను తీసింది నేనే పడగొట్టాలి."

"ఊఁ" అన్నారు. చూద్దాం అనలేదు. అదే గొప్ప.

మార్చి 24, సోమవారం

విచారణ అయింది. అంతా రాసెయ్యాలి.

ఫ్యాక్టరీ నడిపే పెద్దసారు బల్ల ఆ చివర. తొందరగారు ఆయన పక్కన. చూద్దాంగారు నా పక్కన. మా ఆడపడుచు గోడ దగ్గర నిలబడింది, కుర్చీ ఖాళీగా ఉన్నా. యూనిఫారం ఇస్త్రీ చేసుకుని వచ్చింది. నా వంక చూడలేదు. ఈ ఏడాదిన్నరలో బాగా చిక్కిపోయింది. బస్సులో వెనక నుంచి జడ ఒక్కటే కనిపిస్తుంది నాకు.

తొందరగారు ముందు మాట్లాడారు. నా ఫోటో బల్ల మీద పెట్టారు. "మన ల్యాబ్ తీసిందే సార్. ఓవెన్లో దోషం లేదనడానికి సాక్ష్యం ఇదే."

పెద్దసారు నా వైపు తిరిగారు. "ఇది మీరు తీసిందేనా?"

"నేనే తీశాను సార్. తప్పు ఫోటో."

తప్పు ఫోటో అంటే ఏమిటని అడిగారు. చెప్పాను. పెళుసు పొర ఊడి పడ్డ గుంట, పూసుకుపోయిన అల్యూమినియం, మూడుసార్లు చెయ్యాల్సింది ఒక్కసారి చెయ్యడం. కొత్త ఫోటో పాతదాని పక్కన పెట్టాను. అదే ముక్క, అదే చోటు. ఒకదాంట్లో రెండు, ఇంకోదాంట్లో పన్నెండు. మిగతా ఐదు లాట్లవి వరసగా పేర్చాను.

"ఇంకొక సంగతి సార్. ఈ పొర మొహమంతా నిండుగా ఉంది. మురికుంటే అక్కడక్కడా ఖాళీలుండేవి. ఒక్కటి చూపించమనండి. ఆపరేటర్ ఎంత శుభ్రంగా చేసిందో చెప్పడానికి ఇంతకంటే సాక్ష్యం నా దగ్గర లేదు."

తొందరగారు నవ్వారు. "ఆవిడ స్వయానా ఆడపడుచు సార్. ఆ సంగతి కూడా తెలిస్తే మంచిది."

"ఏడాదిన్నరగా మాటల్లేవు సార్ మాకు" అన్నాను. "కావాలంటే బస్సు కండక్టర్‌ని అడగండి. నేను ఆడపడుచు కోసం రాయలేదు. ముక్క ఏం చెప్పిందో అది రాశాను."

ఆడపడుచు కోసం కూడా రాశాను. అక్కడ అనలేదు, ఇక్కడ రాస్తున్నాను.

పెద్దసారు కళ్ళు చిట్లించి అడిగారు. "పందొమ్మిదేళ్ళ అనుభవం ఉన్న మీరు ఇంత చిన్న పని ఎలా వదిలేశారు?"

"పందొమ్మిదేళ్ళు కాబట్టే వదిలేశాను సార్. కొత్త మనిషైతే భయానికి మూడుసార్లూ చేసేది."

"ఇది రికార్డులోకి వెళ్తే మీరిక ఏ సర్టిఫికెట్ మీదా సంతకం పెట్టలేరు. తెలుసా?"

"పోనివ్వండి సార్. ఆ సంతకం చూసుకునే ఒక మనిషి లోపల చెయ్యి పెట్టాడు. ఇంకా పద్దెనిమిది వందల చోట్ల పెడతారు. నా సంతకం తీసెయ్యండి, ఆ జాయింట్లు తీసెయ్యండి. రెండూ తీసెయ్యండి. ఒకటి ఉంచి ఒకటి తీస్తామంటే మాత్రం ఈ ఫోటోలు పట్టుకుని ఆ ప్యానెళ్ళు కొన్న ప్రతి గుమ్మం ఎక్కుతాను. నాకు బస్సు పాసుంది."

ఎందుకన్నానో బస్సు పాసు సంగతి. కోపంలో నోటికేదొస్తే అది.

అప్పుడు చూద్దాంగారు లేచారు. ఆయన లేచి నిలబడి మాట్లాడటం నేనెప్పుడూ చూడలేదు. "తెప్పించాలి సార్. ఆరు లాట్లూ. ల్యాబ్ అధిపతిగా నేను ఆ ఒక్కసారి పాలిష్‌ని ఏళ్ళ తరబడి చూస్తూ ఊరుకున్నాను. అది కూడా రాసుకోండి" అన్నారు.

మా ఆడపడుచు మీద ఆరోపణ కొట్టేశారు. ఆరు లాట్లూ వెనక్కి తెప్పిస్తున్నారు. ఓవెన్ మార్పు గురించి తొందరగారి మీద వేరే విచారణ. ఎలక్ట్రీషియన్‌కి తప్పు మాదేనని రాతపూర్వకంగా ఉత్తరం. అది ఈ సాయంత్రమే వెళ్ళాలని నేను పట్టుబట్టి కూర్చున్నాను, వెళ్ళింది. నా సంతకం పోయింది. ఉద్యోగం ఉంది, హోదా లేదు. ఏం చెయ్యమంటే అది చెయ్యాలి.

తలుపు దగ్గర ఆడపడుచు నా పక్కనుంచే వెళ్ళింది.

మార్చి 25, మంగళవారం

సాయంత్రం ఆరింటికి తలుపు చప్పుడైంది. తనే. గుమ్మం అవతలే నిలబడింది.

"మూడు వారాలు నీ ఫోటో పట్టుకుని నన్ను తిప్పారు వదినా."

"అవును."

"తప్పని నీకెప్పుడు తెలిసింది?"

"పద్నాలుగున చూశాను" అన్నాను. అక్కడితో ఆపేద్దామనిపించింది. ఎంత తేలికో అక్కడితో ఆగడం. "ఏడునే తెలుసు. చూడ్డానికి వారం పట్టింది."

తల ఊపింది. చెంప మీద కొడుతుందేమో అనుకున్నాను. కొట్టినా పడేదాన్నే.

"ఇంకొకటి ఉంది" అన్నాను. "ఆ రోజు నేనన్న మాట. సత్రం అన్నాను. నువ్వొచ్చిన స్థితిలో ఎవరూ ఎవర్నీ అనకూడని మాట. తప్పు నాది. దానికి ఏ గుడ్డా అరగలేదు."

తనకి గుడ్డ సంగతి ఏం తెలుసు? అయినా అడగలేదు. కళ్ళల్లో నీళ్ళొచ్చాయి, తుడుచుకోలేదు. నాకూ వచ్చాయి.

"అది నేను మర్చిపోలేదు వదినా. మర్చిపోను కూడా."

"సరే."

"తిరిగి వచ్చెయ్యమని మాత్రం అనకు. నా గది నాకు బాగుంది. నా తాళం, నా గిన్నెలు. ఎవరి గుమ్మంలోనూ ఎవరి మొహమూ చూడక్కర్లేదు."

"అనను. టీ తాగుతావా?"

"పెట్టు. చక్కెర తగ్గించు. నీ టీ ఎప్పుడూ పాకమే."

లోపలికి రాలేదు. మెట్టు మీద కూర్చుని తాగింది. మా ఆయన వచ్చి మమ్మల్నిద్దర్నీ అలా చూసి, ట్యాంకర్ ఆపడం మర్చిపోయి సగం వీధి ముందుకెళ్ళి, మళ్ళీ వెనక్కి వచ్చారు.

ఏప్రిల్ 9, బుధవారం

లాటు 61 పెట్టెలు వెనక్కి వచ్చాయి. వచ్చిన ప్రతి జాయింటునీ వైసులో బిగించి వంచి చూడాలి. మంచిదైతే అల్యూమినియం మడతపడుతుంది, చెడ్డదైతే అతుకు దగ్గర పుటుక్కుమంటుంది. సంతకం లేని మనిషిని కాబట్టి ఆ పనికి నన్నే వేశారు. వంచడానికి చెయ్యి తెలిసిన మనిషి కావాలంటే తను వచ్చింది, అడక్కుండానే.

తను వంచడం, నేను నంబరు రాయడం. మొదటిది విరిగినప్పుడు ఆ రెండు ముక్కలూ నా ముందు పెట్టి "నీ సంతకమే వదినా" అంది. రెండోదానికీ అంది. పదో దాని దాకా అంటూనే ఉంది. నేను రాసుకుంటూనే ఉన్నాను. అననీ, ఆ హక్కు తనకుంది. పదకొండో దానికి ఏమీ అనలేదు. ముక్కలు పెట్టెలో వేసి, నా వైపు నీళ్ళ సీసా తోసింది.

తొందరగారు ఒకసారి కిటికీలోంచి చూసి వెళ్ళిపోయారు. తను సుత్తి పట్టుకుని "రండి సార్, మీరూ ఒకటి వంచండి" అని పిలిచింది. వినిపించనట్టు నడిచారు. ఇద్దరం నవ్వుకున్నాం. మేమిద్దరం కలిసి నవ్వడం ఇదే మొదటిసారేమో, గుర్తు లేదు.

భుజాలు పీకేస్తున్నాయి. ఇంకా ఐదు లాట్లు రావాలి. రానీ, అన్నీ వంచుతాం.

ఇవాళ లాటు మొత్తం అయింది. నూట పన్నెండు విరిగాయి. నూట పన్నెండూ వైసులోనే విరిగాయి, ఎవరి చేతిలోనూ కాదు.